నార్తర్న్ లీగ్: 1889లో పుట్టిన లీగ్ తొమ్మిదో స్థాయిలో ఎందుకుంది?

టీస్_ఒడ్డు:

ఎఫ్ఏ వాజ్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, అంటే ఎఫ్ఏ, చిన్న క్లబ్బుల కోసం నడిపే కప్పు) విజేతల పట్టిక చూస్తుంటే ఒక లెక్క అంతుపట్టడం లేదు. 2009 నుంచి 2017 దాకా జరిగిన తొమ్మిది ఫైనళ్లలో ఎనిమిది కప్పులు ఇంగ్లండ్ ఈశాన్య మూలకే పోయాయి. విట్లీ బే వరసగా మూడేళ్లు, తర్వాత డన్‌స్టన్, స్పెన్నీమూర్, ఒక్క ఏడాది విరామం, మళ్లీ నార్త్ షీల్డ్స్, మార్పెత్, సౌత్ షీల్డ్స్. అన్నీ నార్తర్న్ లీగ్ జట్లే. ఆ లీగ్, దేశమంతటి ప్రొఫెషనల్ పోటీ అయిన ఫుట్‌బాల్ లీగ్ కన్నా ఒక్క ఏడాదే చిన్నది. ఇంత పాతది, ఇంత బలమున్నది ఇంగ్లండ్ లీగుల నిచ్చెనలో తొమ్మిదో స్థాయిలో ఎందుకు కూర్చుంది?

ఇంకో రెండు సందేహాలు. "అమెచ్యూర్" అంటే నిజంగానే పైసా తీసుకోకుండా ఆడేవాళ్లా? ఇప్పుడు పైకీ కిందికీ వెళ్లే పద్ధతి ఏమిటి? మిడిల్స్‌బ్రోలో చదువుకుంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, శనివారం రైల్లో వెళ్లి చూసి రాగలిగే మైదానాలుంటే అవీ చెప్పండి.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

ఒక్క ముక్కలో: పిలిచినప్పుడు వెళ్లలేదు, వెళదామనుకునేసరికి కుర్చీలు నిండిపోయాయి. కానీ అది 1979 నాటి మాట. అంతకుముందు కథ తెలిస్తేనే ఎందుకు వెళ్లలేదో అర్థమవుతుంది.

1889లో పది జట్లతో మొదలైంది. డార్లింగ్టన్, మిడిల్స్‌బ్రో, స్టాక్టన్, సౌత్ బ్యాంక్, న్యూకాజిల్ నుంచి ఈస్ట్ ఎండ్, వెస్ట్ ఎండ్ వగైరా. ఆ ఈస్ట్ ఎండే 1892లో న్యూకాజిల్ యునైటెడ్‌గా పేరు మార్చుకుంది. అప్పట్లో జీతానికి ఆడేవాళ్లూ, ఊరికే ఆడేవాళ్లూ ఒకే లీగ్‌లో ఉండేవారు. మిడిల్స్‌బ్రో ఐరనోపొలిస్ అనే జట్టు 1891, 92, 93లలో వరసగా లీగ్ కొట్టి, ఆ ఊపులో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వెళ్లి, ఒకే ఒక్క సీజన్ ఆడి 1894లో మూతపడింది. జీతాలిచ్చే స్థోమత ఉన్న జట్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాక మిగిలినవి డరమ్ బొగ్గుగనుల ఊళ్ల జట్లు. 1906 నుంచి లీగ్ పూర్తిగా అమెచ్యూర్.

ఆ తర్వాత డెబ్భై ఏళ్లూ వీళ్లకి లోకమంతా ఎఫ్ఏ అమెచ్యూర్ కప్పే. 1893-94లో మొదలై 1974లో ఆగిపోయిన ఆ కప్పుని బిషప్ ఆక్లండ్ పదిసార్లు గెలిచింది, ఇంకెవరికీ ఆ దరిదాపుల్లో లెక్క లేదు. పక్క ఊరు క్రుక్ ఐదుసార్లు ఫైనల్‌కి వెళ్లి ఐదుసార్లూ గెలిచింది. 1954లో ఈ రెండు ఊళ్లే లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో తలపడితే లక్షమంది చూశారు. రెండు ఊళ్ల మధ్య దూరం పట్టుమని పది మైళ్లు కూడా ఉండదు! వెంబ్లీలో 2-2, న్యూకాజిల్‌లో రీప్లే మళ్లీ 2-2, చివరికి మిడిల్స్‌బ్రో ఎయిర్సమ్ పార్క్‌లో క్రుక్ 1-0. బిషప్ ఆక్లండ్ ఆ కసి ఊరికే పోనివ్వలేదు, 1955, 56, 57 మూడేళ్లూ కప్పు తనే తీసుకుంది. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదం తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆటగాళ్లు కరువైతే ఇక్కడినుంచే ముగ్గురు సాయం వెళ్లారు: బాబ్ హార్డిస్టీ, డెరెక్ లూయిన్, వారెన్ బ్రాడ్లీ. బ్రాడ్లీ తర్వాత ఇంగ్లండ్ పెద్ద జట్టుకీ ఆడాడు.

వెస్ట్ ఆక్లండ్ సంగతి కూడా చెప్పుకోవాలి. గనికార్మికుల జట్టు. 1909లో ఇటలీలోని టూరిన్‌కి వెళ్లి సర్ థామస్ లిప్టన్ ట్రోఫీ గెలిచింది. 1911లో మళ్లీ వెళ్లి ఫైనల్లో యువెంటస్‌ని 6-1తో ఓడించింది. రెండుసార్లు గెలిచారు కాబట్టి కప్పు వాళ్లకే ఉండిపోయింది. అయితే ప్రయాణపు అప్పు తీర్చలేక దాన్ని ఊళ్లోని హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లకి తాకట్టు పెట్టారు. విడిపించుకున్నది 1960లో, 100 పౌండ్లు కట్టి. అసలు కప్పు 1994లో దొంగలపాలైంది, ఇప్పుడున్నది నకలు. ఈ తాకట్టు గుర్తుపెట్టుకో. ఈ లీగ్ చరిత్రలో ఏ మలుపు చూసినా వెనకాల దారిఖర్చు లెక్కే ఉంటుంది.

ఇక నీ రెండో సందేహం. నియమం ప్రకారం అమెచ్యూర్‌కి అయిన ఖర్చులు మాత్రమే ఇవ్వాలి: రైలు చార్జీ, భోజనం. వాస్తవంలో, మ్యాచ్ అయ్యాక బూటులో కాలు పెడితే నాణేలు తగిలేవి. అందుకే దానికి "బూటు డబ్బు" అని పేరు. పక్క వీధిలో ఉండేవాడు ఇరవై మైళ్ల ప్రయాణ ఖర్చు రాయించుకోవడం ఇంకో పద్ధతి. క్రుక్ జట్టు చెల్లింపుల మీద మొదలైన విచారణ మిగతా క్లబ్బుల పద్దుల మీదకి పాకి, 1928లో డరమ్ ఫుట్‌బాల్ సంఘం 341 మంది ఆటగాళ్లని సస్పెండ్ చేసింది. అందరూ చేస్తున్న పనికి కొందరి మీదే వేటు వేస్తే లీగ్ సగం ఖాళీ అవుతుందని అప్పుడే తేలిపోయింది. అయినా ఆ నటన ఇంకో నలభై ఆరేళ్లు సాగింది. 1974లో ఎఫ్ఏ అమెచ్యూర్, ప్రొఫెషనల్ అన్న తేడానే కొట్టేసింది, అందరూ "ఆటగాళ్లే" అయ్యారు. అమెచ్యూర్ కప్పు పోయి, చిన్న క్లబ్బుల కోసం వాజ్ వచ్చింది.

ఆ మార్పుకి ఇంగ్లండ్ దక్షిణాదివాళ్లు త్వరగా సర్దుకున్నారు. 1979లో అలయన్స్ ప్రీమియర్ లీగ్ (ఇప్పటి నేషనల్ లీగ్‌కి మూలం) పెట్టి, దాని కింద ప్రాంతీయ లీగులని పేర్చడం మొదలైంది. ఆ పేర్పులో చేరడానికి నార్తర్న్ లీగ్ ఒప్పుకోలేదు. గెలిచిన జట్టు పైకి వెళ్లిపోతే తిరిగి రాదని భయం, ఊరూరి పోటీలు పోతాయని బెంగ, అన్నిటికన్నా ప్రయాణ ఖర్చు. పైగా 1978లో ఈ లీగ్ జట్టే అయిన బ్లైత్ స్పార్టన్స్ ఎఫ్ఏ కప్ ఐదో రౌండ్ దాకా వెళ్లి రెక్సమ్‌తో డ్రా చేసుకుని, రీప్లేలో గానీ ఓడలేదు. ఆ ఊపులో "మేం కిందివాళ్లమా?" అనిపించడం సహజమే. ఆ జాగా నార్తర్న్ ప్రీమియర్ లీగ్‌కి దక్కింది, బలమైన క్లబ్బులు కొన్ని అటు దూకాయి. వీళ్లు ఆ పేర్పులో (దాన్నే పిరమిడ్ అంటారు) చేరింది 1991లో. అప్పటికి పై మెట్లన్నీ నిండి ఉన్నాయి.

నా మటుకు నాకు అది మొండితనం కన్నా లెక్క తప్పడమే అనిపిస్తుంది. వద్దంటే లీగ్ ఉన్నచోటే ఉంటుందనుకున్నారు. వద్దన్నప్పుడల్లా నిచ్చెన పైకి పెరిగింది.

మెట్టు_అయిదు:

చరిత్ర అప్పారావు గారు చెప్పేశారు, నిర్మాణం నేను చెబుతాను. ముందు అంకెల గందరగోళం. నేషనల్ లీగ్ వ్యవస్థలో "మెట్టు" అనేది ఒక లెక్క, దేశం మొత్తం మీద "స్థాయి" ఇంకో లెక్క. పైన ప్రీమియర్ లీగ్ నుంచి లీగ్ టూ దాకా నాలుగు పోతాయి కాబట్టి, మెట్టుకి నాలుగు కలిపితే స్థాయి వస్తుంది. నార్తర్న్ లీగ్ మొదటి డివిజన్ 5వ మెట్టు, అంటే 9వ స్థాయి. రెండో డివిజన్ (1982లో పెట్టారు) 6వ మెట్టు, 10వ స్థాయి. దాని కింద నార్తర్న్ అలయన్స్, వేర్‌సైడ్ లీగ్ లాంటివి. మొదటి డివిజన్ నుంచి పైకి వెళ్తే నార్తర్న్ ప్రీమియర్ లీగ్ ఈస్ట్ డివిజన్, అది 4వ మెట్టు.

పైకి వెళ్లే పద్ధతి: 5వ మెట్టులో ఛాంపియన్ నేరుగా వెళ్తాడు. రెండు నుంచి ఐదు స్థానాల వాళ్లు మిగిలిన చోటు కోసం తమలో తాము ప్లేఆఫ్ ఆడతారు, ఒక్కో మ్యాచే, పట్టికలో పైనున్నవాడి మైదానంలో. ఇక్కడ చాలామంది మరిచిపోయేది, పట్టిక ఒక్కటే సరిపోదు. మైదానం గ్రేడింగ్ అని ఒకటుంది. ఫ్లడ్‌లైట్లు, పిచ్ చుట్టూ కట్టిన రెయిలింగ్, కప్పున్న స్టాండు, సీట్లు, రిఫరీలకి వేరే గది, జనం నిలబడడానికి గట్టినేల, ఇవన్నీ మెట్టుకి తగ్గట్టు ఉండాలి. గడువు మార్చి 31. సీజన్ అయ్యాక కట్టిస్తాం అంటే కుదరదు. జనవరిలో మూడో స్థానంలో ఉన్న క్లబ్ స్టాండు పనులు మొదలెట్టాలా వద్దా అని తల పట్టుకునేది ఇందుకే. డబ్బు పెట్టి కట్టాక ఆరో స్థానంలో ముగిస్తే ఆ అప్పు మిగులుతుంది.

దీనికి ఉదాహరణ డరమ్ సిటీ. 2008లో ఇక్కడినుంచి పైకి వెళ్లి, మరుసటి ఏడే ఇంకో మెట్టు ఎక్కింది. వాళ్లది కృత్రిమ గడ్డి మైదానం. ఆ మైదానంతో ఆపై మెట్టుకి రానివ్వరని తేలాక స్పాన్సర్ తప్పుకున్నాడు, డబ్బు ఆగింది, జట్టు మొత్తం వెళ్లిపోయింది. కుర్రాళ్లతో 2009-10 సీజన్ లాగించారు. 38 మ్యాచుల్లో రెండు గెలుపులు, మిగతా 36 ఓటములు, 168 గోల్స్ ఇచ్చుకున్నారు. గెలిచిన ఆ ఆరు పాయింట్లు కూడా శిక్షగా పడిన పాయింట్ల కోతలో పోయి సున్నాతో ముగించారు. జట్టు ఎంత బలంగా ఉన్నా గడ్డి తప్పయితే ఇంతే.

ఇక సీజన్ లెక్క. డివిజన్లో 22 జట్లుంటే ఒక్కో జట్టుకి 42 మ్యాచులు, మొత్తం 462. ఆగస్టు మొదటి నుంచి ఏప్రిల్ చివరిదాకా శనివారాలు నలభై లోపే. వాటిలోనే ఎఫ్ఏ కప్ తొలి రౌండ్లు, వాజ్, కౌంటీ కప్ ఇరికించాలి. అందుకే మంగళ, బుధవారాల రాత్రి మ్యాచులు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పిచ్ గడ్డకట్టడమో నీళ్లు నిలవడమో జరిగి మ్యాచులు వాయిదా పడతాయి. అవన్నీ ఏప్రిల్ మీద పడతాయి. వాజ్‌లో దూరం వెళ్లిన జట్టుకి ఇంకా కష్టం, ఆఖర్లో పది రోజుల్లో నాలుగైదు మ్యాచులు ఆడాల్సి రావచ్చు. కప్పు గెలిచి లీగ్ పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఆటగాళ్ల నమోదు దగ్గర కూడా తప్పులు జరుగుతాయి. ఈ మెట్టులో ఎక్కువమంది కాంట్రాక్టు లేనివాళ్లే. సీజన్ మధ్యలో వేరే క్లబ్ వాణ్ణి కావాలంటే ముందు ఆ క్లబ్‌కి రాతపూర్వకంగా ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి, నేరుగా కుర్రాడికి ఫోన్ కొట్టకూడదు. నమోదు పూర్తికాకుండానో, సస్పెన్షన్ మిగిలుండగానో ఒకణ్ణి ఆడిస్తే వచ్చిన పాయింట్లు పోతాయి. కార్యదర్శి ఒక్కడే, అదీ జీతం లేని పని. శుక్రవారం రాత్రి ఆ ఒక్కడు చూసుకోకపోతే శనివారం గెలుపు మంగళవారానికి గాల్లో కలుస్తుంది.

టీస్_ఒడ్డు:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే వాజ్ సంగతి ఇంకా తేలలేదు. పిరమిడ్‌లో చేరింది 1991లో కదా, మరి 2009 తర్వాత కూడా అంత బలం 5వ మెట్టులోనే ఎలా నిలిచిపోయింది?

మెట్టు_అయిదు:

చేరడం వేరు, ఎక్కడం వేరు. చాలా ఏళ్ల పాటు ఛాంపియన్‌గా నిలిచిన క్లబ్ కూడా "మాకొద్దు" అనేది. పటం తెరిచి చూడు: పై డివిజన్ నార్తంబర్లాండ్ నుంచి లింకన్‌షైర్ దాకా పరుచుకుని ఉంటుంది. ఒకవైపు ప్రయాణమే 150 మైళ్లు దాటే మ్యాచులుంటాయి. మంగళవారం రాత్రి 7:45కి మ్యాచ్ అంటే ప్లంబరు, టీచరు, డెలివరీ డ్రైవరు మధ్యాహ్నమే పని వదిలి బస్సెక్కాలి. బస్సు అద్దె క్లబ్‌ది, పోయిన కూలి ఆటగాడిది. అదే ఇక్కడుంటే అరగంటలో చేరే ఊళ్లు, గేటు దగ్గర నాలుగు డబ్బులు తెచ్చే పక్కూరి పోటీలు.

ఇప్పుడు దీనికి వాజ్ నియమం కలిపి చూడు. వాజ్ 5, 6 మెట్ల వాళ్లకే. 4వ మెట్టుకి వెళ్లగానే వాజ్ పోయి ఎఫ్ఏ ట్రోఫీ వస్తుంది, అందులో 1వ మెట్టు జట్లు ఎదురవుతాయి. మిగతా దేశంలో మంచి జట్టు రెండేళ్లలో పైకి పోయి వాజ్ నుంచి తప్పుకుంటుంది. ఇక్కడ మంచి జట్లు పోకుండా పేరుకుపోయాయి. కాబట్టి ఆ ఎనిమిది కప్పులకి బలం ఒక కారణమైతే, కదలకపోవడం ఇంకో కారణం. స్పెన్నీమూర్ 2014లో, సౌత్ షీల్డ్స్ 2017లో పైకి వెళ్లాయి, తర్వాత మరికొన్ని. ఆ వరద అక్కడితో తగ్గింది.

రహీంలీగ్_అభిమాని:

మన దిక్కు కత కూడ ఒక ముక్క కలుపుతున్న, సంబంధం ఉన్నది కాబట్టే. అమెచ్యూర్ పేరు మీద బతకాలంటే ఆట పక్కన ఇంకో ఆసరా ఉండాలె. డరమ్ల గని ఉండె. హైదరాబాద్ల పోలీస్ కొలువు ఉండె. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, సిటీ పోలీస్ టీంకు కోచ్. ఆ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. జీతం పోలీస్ శాఖది, ఆట మైదానంల. బూటుల నాణేలు దాచే పని పడలే. నా లెక్కల గిదే నిజాయితీ పద్ధతి.

రెండు దిక్కులోళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఒకే టోర్నీల ఉండిరి. భారత్ టీంకు రహీం కోచ్, అండ్ల మన బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్. బ్రిటన్‌ది అమెచ్యూర్ టీం, అండ్ల బిషప్ ఆక్లండ్ హార్డిస్టీ. క్వార్టర్ ఫైనల్ల బ్రిటన్‌ను బల్గేరియా 6-1 కొట్టింది. కంచు పతకం మ్యాచ్‌ల అదే బల్గేరియా మనల్ని 3-0 కొట్టింది. మనది నాలుగో స్థానం. రహీం 1963ల పోయిండు, హైదరాబాద్ ఎ డివిజన్‌కు ఆయన పేరే, రహీం లీగ్.

అప్పారావన్నా, నీ పోస్ట్‌ల డార్లింగ్టన్ పేరున్నది. అది చదివి మొదటి ఛాంపియన్ అదే అనుకునేటోళ్లు ఉంటరు. 1889-90ల గెలిచింది డార్లింగ్టన్ సెయింట్ అగస్టీన్స్. ఊరు ఒకటే, క్లబ్ వేరు.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

నిజమే, రెండు క్లబ్బులు. విడిగా రాయాల్సింది.

మ్యాచ్ చూడ్డం గురించి అడిగావు కదా టీస్_ఒడ్డు. సాల్ట్‌బర్న్, మిడిల్స్‌బ్రో, డార్లింగ్టన్, షిల్డన్, బిషప్ ఆక్లండ్ అన్నీ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. షిల్డన్ దిగితే డీన్ స్ట్రీట్ మైదానానికి నడిచిపోవచ్చు. పాత చెక్క స్టాండు చూడాలంటే అక్కడికే వెళ్లు. బిషప్ ఆక్లండ్ మైదానం కొత్తది, ఊరి శివార్లలో ఉంది, స్టేషన్ నుంచి నడక ఎక్కువ. క్రుక్, టో లా ఊళ్లకి రైలు లేదు, బస్సే. ఏ క్లబ్ ఈ ఏడు ఏ డివిజన్లో ఉందో బయల్దేరే ముందు చూసుకో, అది ఏటా మారుతుంది.

శనివారం మ్యాచ్ మూడింటికి. రెండు జట్ల అభిమానులకి వేర్వేరు గ్యాలరీలుండవు. హాఫ్‌టైమ్ కాగానే జనం టీ కప్పులు చేతబట్టుకుని ఈ గోల్ వెనక నుంచి ఆ గోల్ వెనక్కి నడిచిపోతుంటారు, తమ జట్టు ఇప్పుడు అటు దాడి చేస్తుంది గనక. టీవీలో చూసే ఆటలో లేనిది ఇంకోటి ఇక్కడుంది, సిన్ బిన్. 5వ మెట్టు నుంచి కిందకి 2019-20లో తెచ్చారు. రిఫరీతో నోరు పారేసుకుంటే పసుపు కార్డు చూపించి రెండు చేతులతో టచ్‌లైన్ వైపు చూపిస్తాడు. పది నిమిషాలు బయట కూర్చోవాలి, జట్టు పదిమందితో ఆడాలి. రెండోసారి అదే తప్పు చేస్తే ఇంకో పది నిమిషాలు కూర్చుని, ఆపైన ఆ మ్యాచ్‌లోకి తను తిరిగి రాకూడదు. మార్పులు మిగిలుంటే వేరేవాణ్ణి దింపవచ్చు. ఫౌల్‌కి వచ్చిన పసుపు, సిన్ బిన్ పసుపు రెండూ కలిపి ఎరుపు అవవు. కొత్తగా చూసేవాళ్లు తికమకపడేది అక్కడే.

టో లా వెళ్లాలనుకుంటే మాత్రం సెప్టెంబరులోనో ఏప్రిల్‌లోనో పెట్టుకో. సముద్రమట్టానికి దాదాపు వెయ్యడుగుల ఎత్తులో ఉన్న ఊరు, కింద ఎండ కాస్తున్నా పైన పిచ్ గడ్డకట్టి ఉంటుంది. 1967లో ఎఫ్ఏ కప్‌లో ఫుట్‌బాల్ లీగ్ జట్టు మాన్స్‌ఫీల్డ్ 5-1తో చిత్తయింది అక్కడే. 1980లో న్యూకాజిల్ వెయ్యి పౌండ్లిచ్చి, తర్వాత ఇంగ్లండ్‌కి ఆడిన క్రిస్ వాడిల్‌ని తీసుకుపోయిందీ అక్కడినుంచే. చలికాలంలో వెళ్లక తప్పదంటే, పొద్దున్నే పిచ్ తనిఖీ అయ్యాక క్లబ్ సోషల్ మీడియా పేజీలో మ్యాచ్ ఉందో లేదో పెడతారు. అది చూడకుండా బస్సెక్కకు.